ఇనుప పెట్టె ఎక్కిన ప్రపంచ వ్యాపారం

ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. ముడతల ఉక్కు రేకు గోడలు, చెక్క నేల, ఒక చివర రెండు తలుపులు, ఎనిమిది మూలల్లో ఎనిమిది ఉక్కు దిమ్మలు. షిప్పింగ్ కంటైనర్ అంటే ఇంతే. ఖాళీగా ఉన్నప్పుడు రెండు టన్నుల పైచిలుకు తూగుతుంది. లోపల సుమారు 33 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. దీనికి ఇంజను లేదు, చక్రాలు లేవు, కదిలే భాగాలంటూ తలుపులు తప్ప మరేమీ లేవు. అయినా ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఏ దేశంలో ఏ వస్తువు తయారవ్వాలో, ఏ రేవు బతకాలో, ఏ ఊళ్లో పని దొరకాలో తేల్చిన వాటిలో ఈ పెట్టెది పెద్ద వాటా.

ప్రపంచ దేశాల మధ్య కదిలే సరుకులో పరిమాణం లెక్కన 80 శాతానికి పైగా సముద్రం మీదే వెళ్తుంది. ముడిచమురు, బొగ్గు, ఇనుప ఖనిజం, గోధుమల్లాంటివి ఓడ గర్భంలో గుట్టలుగానో, ట్యాంకుల్లోనో ప్రయాణిస్తాయి. దుకాణాల్లో కనిపించే బట్టలు, బూట్లు, టీవీలు, ఫ్రిజ్‌లు, బొమ్మలు, మందులు, టైర్లు, ఫర్నిచర్ మాత్రం దాదాపు అన్నీ కంటైనర్‌లోనే వెళ్తాయి.

విడి సరుకు రోజులు

1950ల దాకా ఓడలో సరుకు ఎక్కించే పద్ధతి శతాబ్దాల నాటిదే. బస్తాలు, పీపాలు, చెక్కపెట్టెలు, బేళ్లు, దుంగలు లారీల్లో, రైళ్లలో రేవుకు వచ్చేవి. కూలీలు వాటిని దించి షెడ్లలో పేర్చేవారు. ఓడ వచ్చాక మళ్లీ బయటికి మోసి, వలల్లోనూ పలకల మీదా పెట్టి, క్రేనుతో పైకి లేపి, ఓడ అరల్లోకి దించేవారు. కింద మరో ముఠా వాటిని ఒక్కొక్కటిగా సర్దేది. నూనె పీపా పక్కన టీ ఆకు పెట్టకూడదు, బరువైనది పైన ఉండకూడదు, దారిలో ముందు దించాల్సింది అడుగున పడకూడదు. ఇది నేర్పున్న పని, ఒళ్లు విరిగే పని, ప్రాణాలు తీసే పని కూడా.

1954లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి జర్మనీలోని బ్రేమర్‌హావెన్‌కు వెళ్లిన ‘వారియర్’ అనే ఓడను అమెరికా పరిశోధకులు ఆసాంతం లెక్కగట్టారు. ఆ ఓడలో ఉన్నది సుమారు 5,000 టన్నుల సరుకు. అది 1,94,582 విడి వస్తువుల రూపంలో ఉంది. 151 ఊళ్ల నుంచి వచ్చింది. ఎక్కించడానికి ఆరు రోజులు, సముద్రం దాటడానికి పదిన్నర రోజులు, అక్కడ రాత్రింబవళ్లు పనిచేసి దించడానికి నాలుగు రోజులు పట్టింది. మొత్తం రవాణా ఖర్చులో అట్లాంటిక్ మహాసముద్రం దాటడానికి అయినది 11.5 శాతమే. రెండు వైపులా రేవుల్లో ఎత్తి దించడానికి అయినది మూడో వంతుకు మించిపోయింది.

ఈ చిన్న లెక్కలోనే తర్వాతి కథంతా ఉంది. సరుకు ఖరీదు పెంచుతున్నది దూరం కాదని, నేలకూ నీటికీ మధ్య ఉన్న ఆ కొద్ది గజాల చోటేనని అది తేల్చింది. ఓడను ఎంత వేగంగా నడిపినా లాభం లేదు, అది రేవులో కట్టేసి ఉన్నంతసేపూ యజమానికి నష్టమే. దానికి తోడు దొంగతనాలు. విస్కీ, గడియారాలు, కెమెరాల్లాంటివి రేవు దాటేసరికి కొంత తరుగుపోవడం మామూలు విషయంగా ఉండేది. బీమా కంపెనీలు ఆ తరుగును ముందే లెక్కేసి వసూలు చేసేవి. ఇలాంటి స్థితిలో విదేశీ వ్యాపారం గిట్టుబాటయ్యేది ఎక్కువగా స్థానికంగా దొరకని సరుకులకే. ఇంటి దగ్గర చేసుకోగల వస్తువును సముద్రం అవతల చేయించుకోవాలన్న ఆలోచనకు లెక్కలు ఒప్పుకునేవి కావు.

ఓడలు తెలియని లారీల యజమాని

సరుకును పెట్టెలో పెట్టి పెట్టెను మోయాలన్న ఆలోచన కొత్తది కాదు. బ్రిటిష్ రైల్వేలు రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలోనే పెట్టెలు వాడాయి. డెన్మార్క్ ఓడలు 1951లో, కెనడా నుంచి అలాస్కా వైపు వెళ్లే ఒక ఓడ 1955లో పెట్టెల్లో సరుకు మోశాయి. అవేవీ వ్యాపారం తీరును మార్చలేదు. పాత ఓడలో, పాత క్రేనుతో, మిగతా విడి సరుకు మధ్యన ఒక పెట్టె పెడితే అది మరో బరువైన మూట అవుతుందే తప్ప పని తగ్గదు.

ఉత్తర కరోలినాలోని మాక్స్‌టన్‌కు చెందిన మాల్కమ్ మెక్‌లీన్‌కు ఓడల వ్యాపారం తెలియదు. 1934లో ఒక పాత లారీతో మొదలుపెట్టి దేశంలోని పెద్ద లారీ కంపెనీల్లో ఒకదాన్ని కట్టాడు. యవ్వనంలో రేవు దగ్గర పత్తి బేళ్ల లోడుతో గంటల తరబడి ఎదురుచూస్తుండగా ఈ ఆలోచన వచ్చిందని తర్వాత చెప్పుకున్నాడు కానీ, చరిత్రకారులు ఆ కథను అంతగా నమ్మరు. 1950ల ఆరంభంలో ఆయన్ని కదిలించింది మరింత మామూలు కారణం. అమెరికా తూర్పు తీరం రోడ్లు లారీలతో కిక్కిరిసిపోతున్నాయి. లారీల ట్రైలర్లను ఓడెక్కించి తీరం వెంబడి పంపితే చవక పడుతుంది. చక్రాలతో సహా ఎక్కిస్తే వాటి కింద చోటంతా వృథా అవుతుంది కాబట్టి చక్రాలు తీసేయాలి. అప్పుడు ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు కూడా. లారీ కంపెనీ యజమాని ఓడల కంపెనీ నడపడానికి అక్కడి నియమాలు అడ్డొచ్చాయి. 1955లో మెక్‌లీన్ తన లారీ కంపెనీనే వదులుకుని పాన్-అట్లాంటిక్ అనే ఓడల సంస్థను కొన్నాడు. సొంతంగా కట్టిన, లాభాల్లో నడుస్తున్న సంస్థను పరాయి వ్యాపారం కోసం వదులుకోవడం మామూలు తెగువ కాదు.

1956 ఏప్రిల్ 26న న్యూజెర్సీలోని న్యూవార్క్ నుంచి ‘ఐడియల్-ఎక్స్’ బయలుదేరింది. అది యుద్ధకాలం నాటి చమురు ట్యాంకర్. డెక్ మీద ప్రత్యేకంగా కట్టిన చట్రంపై 58 అల్యూమినియం పెట్టెలు ఉన్నాయి. సుమారు ఏడు నిమిషాలకొకటి చొప్పున క్రేను వాటిని ఎక్కించింది. ఎనిమిది గంటలు గడవకముందే ఓడ సిద్ధమై హ్యూస్టన్‌కు ప్రయాణం కట్టింది. ఆ రోజుల్లో విడి సరుకు ఎక్కించడానికి టన్నుకు 5.83 డాలర్లు పడుతుండగా, ఐడియల్-ఎక్స్‌కు టన్నుకు 15.8 సెంట్లే అయిందని మెక్‌లీన్ మనుషులు లెక్క తేల్చారు. అది వాళ్ల సొంత లెక్కే కాబట్టి కొంత తగ్గించి చూసినా, తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది.

మరుసటి ఏడే ‘గేట్‌వే సిటీ’ అనే ఓడను అరలు అరలుగా మార్చి 226 పెట్టెలు పట్టేలా చేశారు. ఇక్కడే మెక్‌లీన్ మిగతావారికంటే వేరుగా ఆలోచించాడు. ఆయనకు ఓడ, లారీ, క్రేను, రేవు వేర్వేరు వ్యాపారాలు కావు, అన్నీ కలిసి సరుకు చేరవేసే ఒకే పని. పెట్టెకు తగ్గట్టు ఓడనూ, ఓడకు తగ్గట్టు రేవునూ, రేవుకు తగ్గట్టు లారీ చట్రాన్నీ మార్చాడు. కంపెనీ పేరు కూడా ‘సీ-ల్యాండ్’ అయింది.

కొలత కుదిరిన తీరు

కంటైనర్ కథలో అందరూ మెక్‌లీన్ పేరే తలుస్తారు. కానీ ప్రపంచాన్ని నిజంగా కలిపింది పత్రికల్లో పతాక శీర్షికలకెక్కని కమిటీ సమావేశాలు. 1960 ప్రాంతంలో సీ-ల్యాండ్ పెట్టెలు 35 అడుగులవి. హవాయి దీవులకు ఓడలు నడిపే మాట్సన్ పెట్టెలు 24 అడుగులవి, ఎందుకంటే కాలిఫోర్నియా రోడ్ల మీద ఒకే లారీ వెనక అలాంటివి రెండు లాగొచ్చు. మాట్సన్ సొంతంగా పరిశోధకుల్ని పెట్టుకుని, ఆచితూచి, 1958లో ఇరవై పెట్టెలతో మొదలుపెట్టింది. ఐరోపా రైల్వేల పెట్టెలు మరో కొలత. ఒకరి పెట్టె మరొకరి ఓడలో పట్టదు, ఒకరి క్రేను మరొకరి పెట్టెను పట్టుకోలేదు. ఇలాగే సాగితే ప్రతి కంపెనీకీ సొంత రేవు, సొంత లారీలు, సొంత క్రేన్లు కావాల్సి వచ్చేది.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1961లో ఇందుకోసం ఒక సాంకేతిక కమిటీ వేసింది. ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. చివరికి 10, 20, 30, 40 అడుగుల పొడవులు ఖాయమయ్యాయి. వీటి మధ్య పొత్తు కుదురుతుంది, రెండు ఇరవైలు ఒకదాని వెనక ఒకటి పెడితే ఒక నలభై చోటులో ఇముడుతాయి. కంటైనర్ల రంగంలో అప్పటికే ముందున్న రెండు కంపెనీల కొలతలూ, 35 గానీ 24 గానీ, ఆ జాబితాలో లేవు. వాళ్లకు అది పెద్ద దెబ్బ.

పొడవుకంటే చిక్కైనది మూల. పెట్టెను క్రేను పైనుంచి పట్టుకోవాలి, కింద ఉన్న పెట్టెకు బిగించాలి, లారీ మీద కదలకుండా నిలపాలి. ఈ మూడూ ఒకే అమరికతో జరగాలి. మెక్‌లీన్ దగ్గర పనిచేసిన ఇంజనీరు కీత్ టాంట్‌లింగర్ ప్రతి మూలకూ బోలుగా ఉండే ఒక ఉక్కు దిమ్మ, అందులో కోల రంధ్రం రూపొందించాడు. ట్విస్ట్‌లాక్ అనే గూటం ఆ రంధ్రంలో దూరి, 90 డిగ్రీలు తిరిగితే గొళ్లెం పడ్డట్టే. క్రేనుకు వేలాడుతూ పెట్టెను పట్టుకునే చట్రానికి, అంటే స్ప్రెడర్‌కు అలాంటివి నాలుగుంటాయి. మనిషి పెట్టె పైకెక్కి కొక్కేలు తగిలించే అవసరం పోయింది. 1963లో సీ-ల్యాండ్ ఈ పేటెంటు హక్కును అందరికీ వదిలేసింది. తన కొలతను కాదన్న ప్రమాణాల కోసమే తన మూలను ఇచ్చేసింది. పోటీదారులు కూడా పెట్టెల్లోకి వస్తేనే మార్కెట్టు పెరుగుతుందని లెక్కేసుకుని చేసిన పని అది. కానీ దాని ఫలితం ఏ ఒక్క కంపెనీ లాభంతోనూ పోల్చలేనిది. ఇవాళ షాంఘైలో బిగించిన పెట్టెను విశాఖలోనో, రోటర్‌డామ్‌లోనో, మొంబాసాలోనో అదే రకం క్రేను అదే మూలల్లో పట్టుకుని దించుతుంది. ఓడల సామర్థ్యాన్ని నేటికీ ‘టీఈయూ’ల్లో, అంటే ఇరవై అడుగుల పెట్టెల లెక్కన కొలుస్తారు.

యుద్ధం తెరిచిన దారి

1966 వసంతంలో సీ-ల్యాండ్ ఓడ ‘ఫెయిర్‌ల్యాండ్’ 236 పెట్టెలతో అట్లాంటిక్ దాటి రోటర్‌డామ్ చేరింది. ఆసియాకు దారి మాత్రం వియత్నాం యుద్ధం వల్ల పడింది. 1965లో అమెరికా సైన్యం పెద్దయెత్తున దిగేసరికి దక్షిణ వియత్నాం రేవులు సామగ్రితో స్తంభించిపోయాయి. ఓడలు వారాల తరబడి సముద్రంలోనే లంగరేసుకుని ఉండిపోయాయి. 1967 నుంచి కామ్ రాన్ బే రేవుకు సీ-ల్యాండ్ కంటైనర్లలో సరుకు చేర్చడం మొదలుపెట్టాక ఆ ముడి విడిపోయింది. రానుపోను ఖర్చు అమెరికా సైన్యమే భరించేది, అయినా తిరుగు ప్రయాణంలో పెట్టెలు ఖాళీ. మెక్‌లీన్ ఆ ఖాళీ ఓడల్ని జపాన్ మీదుగా మళ్లించాడు. అప్పటికే టీవీలు, స్టీరియోలు, కెమెరాలు విరివిగా చేస్తున్న జపాన్‌కు అమెరికా మార్కెట్టు చవకగా అందింది. జపాన్ వెనకే తైవాన్, దక్షిణ కొరియా, హాంకాంగ్, సింగపూర్ వచ్చాయి. 1972లో మొదటి కంటైనర్ ఓడను చూసిన సింగపూర్ ఇప్పుడు ఏటా నాలుగు కోట్లకు పైగా టీఈయూలు చూస్తోంది. చైనా ఆ తర్వాత వచ్చి అందర్నీ దాటేసింది. షాంఘై రేవు 2024లో అయిదు కోట్ల టీఈయూలు దాటింది, ప్రపంచంలోని కంటైనర్లలో అత్యధిక భాగం తయారయ్యేది కూడా చైనాలోనే.

చరిత్రలో ఈ మలుపుకు ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు. తూర్పు ఆసియా ఎగుమతుల ఎదుగుదలకు ఆ దేశాల విధానాలు, శ్రమ, చదువు కారణాలని చెప్పడం నిజమే. కానీ యుద్ధ సామగ్రి దించి ఖాళీగా వెనక్కి వెళ్లే పెట్టెలు లేకపోతే ఆ సరుకు అంత త్వరగా, అంత తక్కువ కిరాయికి పసిఫిక్ దాటేది కాదు.

కళాసీలు పోయిన రేవులు

కంటైనర్ల వల్ల ఆదా అయిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు రేవు కూలీల జీవితాల్లో ఉంది. 1965లో రేవు కూలీ ఒక్కరు గంటకు సగటున 1.7 టన్నులు కదిలిస్తే, 1970 నాటికి కంటైనర్ రేవుల్లో అది 30 టన్నులకు చేరింది. అంటే అంత సరుకుకు దాదాపు పద్దెనిమిది మంది అవసరమైన చోట ఒకరు చాలు.

అమెరికా పశ్చిమ తీరంలో హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వంలోని యూనియన్ యంత్రాలను అడ్డుకోలేమని ముందే గ్రహించింది. 1960లో యజమానులతో ఒప్పందం చేసుకుని, యంత్రాలకు దారిచ్చినందుకు బదులుగా ఉన్న కార్మికులకు ఉపాధి భద్రతనూ, రిటైరయ్యేవారికి సొమ్మునూ సాధించింది. తూర్పు తీరంలో సమ్మెల తర్వాత పని ఉన్నా లేకున్నా కార్మికుడికి ఏడాదికి ఇన్ని గంటల కూలి ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. ఉన్నవారికి ఇది మంచి బేరమే. వారి పిల్లలకు మాత్రం ఆ పని మిగల్లేదు.

లండన్‌లో గాయం ఇంకా లోతైనది. థేమ్స్ నది ఒడ్డున శతాబ్దానికి పైగా నడిచిన డాక్‌లు 1967 నుంచి 1981 మధ్య ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నదికి దిగువన టిల్బరీలో కొత్త కంటైనర్ రేవు సిద్ధమైనా, దాని పెట్టెలను ముట్టబోమని కార్మికులు నిషేధం పెట్టారు. ఆ సందులో అంతకు ముందు ఎవరూ పట్టించుకోని ఫెలిక్స్‌స్టో అనే చిన్న రేవు ఎదిగి బ్రిటన్‌లోనే అతి పెద్ద కంటైనర్ రేవు అయింది. న్యూయార్క్‌లో మాన్‌హాటన్, బ్రూక్లిన్ రేవుల పని నది అవతల న్యూవార్క్, ఎలిజబెత్‌కు తరలిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో పని ఓక్లాండ్‌కు వెళ్లింది. కంటైనర్‌కు కావాల్సింది లోతైన నీరు, వందల ఎకరాల ఖాళీ చోటు, రైలు, పెద్ద రోడ్డు. నగరం నడిబొడ్డున ఉన్న రేవుకు ఇవేవీ ఉండవు. రేవుల్ని అంటిపెట్టుకుని బతికిన గోదాములు, చిన్న కర్మాగారాలు, హోటళ్లు, అద్దె ఇళ్లు వాటితో పాటే పోయాయి. నేటి లండన్ కానరీ వార్ఫ్ గాజు భవనాలు నిలిచింది ఆ పాత వెస్ట్ ఇండియా డాక్‌ల చోటే.

కర్మాగారం చెదిరింది

రవాణా చవకవ్వగానే వ్యాపారం పెరిగిందని చెప్పేస్తే కథ సగమే అవుతుంది. 1970ల్లో చమురు ధరలు పెరిగి, ఓడల కిరాయి ఆశించినంతగా తగ్గనే లేదు. అసలు లాభం కిరాయి చీటీలో కనిపించనిది. సరుకు దారిలో పోదు, పాడవదు, ఫలానా రోజుకు చేరుతుందన్న భరోసా కుదిరింది. బీమా ఖర్చు తగ్గింది. గోదాముల్లో నెలల తరబడి నిల్వలు పెట్టుకునే అవసరం తగ్గింది. బెర్న్‌హోఫెన్, ఎల్-సాహ్లీ, నెల్లర్ అనే ఆర్థికవేత్తలు 1962 తర్వాతి వాణిజ్య లెక్కల్ని పరిశీలించారు. కంటైనర్లను స్వీకరించిన పారిశ్రామిక దేశాల జంటల మధ్య వ్యాపారం ఇరవై ఏళ్లలో 790 శాతం పెరగడానికి కంటైనర్లు తోడయ్యాయని వారు అంచనా వేశారు. దీంతో పోలిస్తే అదే కాలపు వాణిజ్య ఒప్పందాల ప్రభావం చాలా తక్కువ.

ఆ భరోసా వల్లే కర్మాగారం తీరు మారింది. ఒకప్పుడు ఒక ప్రాంగణంలో ఇనుము ఒకవైపు వెళ్తే రెండో వైపు కారు వచ్చేది. ఇప్పుడు తీగలు ఒక దేశంలో, సీట్లు మరో దేశంలో, ఇంజను ఇంకో దేశంలో తయారై బిగింపు జరిగే చోటికి పెట్టెల్లో వస్తాయి. దేశాల మధ్య నడిచే వ్యాపారంలో విడిభాగాలది కూడా పెద్ద వాటా. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీసిటీ తమిళనాడు సరిహద్దున, చెన్నై, కాట్టుపల్లి రేవులకు అందుబాటులో వెలసింది ఇందుకే. పెనుకొండ దగ్గరి కియా కార్ల కర్మాగారానికి కొరియా విడిభాగాలు సముద్రం మీదే వస్తాయి. లోతైన రేవూ, మంచి రోడ్డూ లేని పేద దేశాలకు ఈ వరంలో వాటా ఆలస్యంగా, తక్కువగా దక్కింది. ఆఫ్రికాలో చాలా చోట్ల సముద్ర ప్రయాణం కంటే రేవు నుంచి లోపలి ఊరికి చేర్చడానికే ఎక్కువ ఖర్చవుతుంది.

పెరిగిన ఓడలు, పెరిగిన ప్రమాదాలు

2023లో నీటిలోకి దిగిన ‘ఎంఎస్‌సీ ఇరీనా’ సామర్థ్యం 24,346 టీఈయూలు. ఆ పెట్టెల్ని నేల మీద వరసగా పెడితే దాదాపు 148 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి రాజమహేంద్రవరం దరిదాపులకు చేరతాయి. ఓడ పొడవు 400 మీటర్లు. నడిపేది పాతిక మంది సిబ్బంది. ఓడ పెరిగేకొద్దీ ఒక్కో పెట్టె మీద ఖర్చు తగ్గుతుంది, కానీ అంత పెద్ద ఓడ ఆగగల రేవులు, దాన్ని నింపగల కంపెనీలు కూడా తగ్గుతాయి. ప్రపంచ కంటైనర్ ఓడల సామర్థ్యంలో 80 శాతానికి పైగా పది కంపెనీల చేతిలో ఉంది.

2021 మార్చి 23న ‘ఎవర్ గివెన్’ అనే కంటైనర్ ఓడ సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసింది. అప్పటికే కోవిడ్ వల్ల లెక్క తప్పిన కంటైనర్ల రాకపోకలు మరింత చిక్కుపడ్డాయి. అమెరికా రేవుల బయట ఓడలు బారులు తీరాయి, ఖాళీ పెట్టెలు అక్కడే చిక్కుకుని ఆసియాలో దొరక్కుండా పోయాయి. చైనా నుంచి అమెరికాకు నలభై అడుగుల పెట్టె కిరాయి అంతకు ముందు రెండు వేల డాలర్ల లోపు ఉండేది, ఆ ఏడాది పది వేలు దాటింది. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడలపై యెమెన్‌కు చెందిన హూతీ తిరుగుబాటుదారుల దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి వెళ్లాయి. 2024 మార్చిలో ‘డాలీ’ అనే కంటైనర్ ఓడ ఢీకొని అమెరికాలోని బాల్టిమోర్‌లో పెద్ద వంతెనే కూలింది. ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువ మంది భారతీయులు. 2025 మే 25న ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ సుమారు 640 కంటైనర్లతో కేరళ తీరంలో మునిగింది. దాన్నుంచి వచ్చిన ప్లాస్టిక్ గుళికలు తీరంలో కుప్పలు పడ్డాయి, జాలర్ల పని ఆగిపోయింది. పెట్టె మూత వేసి ఉన్నంత కాలం లోపల ఏముందో ఎవరికీ పట్టదు, పగిలినప్పుడు మాత్రం తీరంలో ఉండేవారే భరించాలి.

తెలుగు నేల నుంచి

భారతదేశం ఈ మార్పులోకి నెమ్మదిగా దిగింది. 1973లో కొచ్చిన్‌కు మొదటి కంటైనర్ ఓడ వచ్చింది. 1983లో మద్రాసులో ప్రత్యేక టెర్మినల్, 1989లో ముంబయి పక్కన నవా షేవా రేవు వచ్చాయి. కంటైనర్ల రవాణా కోసం రైల్వేశాఖ కింద ‘కాంకర్’ సంస్థ 1988లో ఏర్పడ్డాక సముద్రం లేని ఊళ్లకూ రేవు వచ్చినట్టయింది. హైదరాబాద్ సనత్‌నగర్‌లోని ఇన్‌ల్యాండ్ డిపోలోనే కస్టమ్స్ తనిఖీ ముగించి, సీలు వేసి, రైలెక్కిస్తే పెట్టెను మళ్లీ తెరవకుండానే ఓడ దాకా వెళ్తుంది. విశాఖ కంటైనర్ టెర్మినల్ 2003లో పని మొదలుపెట్టింది.

కోస్తా రైతు జీవితంలోకి కంటైనర్ వచ్చింది రొయ్యల రూపంలో. 2009 తర్వాత వనామీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చి భీమవరం, గుడివాడ, నెల్లూరు చుట్టుపక్కల చెరువులు విస్తరించాయి. ప్రాసెసింగ్ ప్లాంటులో శుభ్రం చేసి గడ్డకట్టించిన రొయ్య రీఫర్ కంటైనర్‌లోకి ఎక్కుతుంది. ఆ పెట్టె గోడలోనే శీతల యంత్రం ఉంటుంది, లారీ మీద జనరేటర్‌కు, రేవులో ప్లగ్‌కు, ఓడలో మరో ప్లగ్‌కు కలుపుతూ సున్నాకు 18 డిగ్రీల దిగువన చలిని నిలబెడతారు. అమెరికా సూపర్‌మార్కెట్టు దాకా ఆ చలి ఎక్కడా తెగకూడదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో దేశంలో విశాఖ రేవు ముందు వరుసలో నిలవడం ఈ పెట్టెల చలవే. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టున రొయ్య ధర పడిపోవడానికి కూడా ఈ పెట్టెలు కలిపిన బంధమే కారణం. కంటైనర్ దూరాన్ని చవక చేశాక, రైతుకూ కొనేవారికీ మధ్య మిగిలిన పెద్ద గోడ సుంకమే.

ఇంకో లోటు దేశానికంతటికీ ఉంది. భారీ ఓడలు నేరుగా రాలేని మన రేవుల నుంచి చిన్న ఫీడర్ ఓడలు కంటైనర్లను కొలంబో, సింగపూర్, క్లాంగ్ రేవులకు తీసుకెళ్లి అక్కడ పెద్ద ఓడలకు ఎక్కించేవి. ఇలా ఓడ మారే సరుకులో సింహభాగం పరాయి రేవుల్లోనే మారేది. ఒక్కో మార్పుకూ రోజులు, డాలర్లు ఖర్చు. కేరళలో విళింజం రేవు 2024 డిసెంబరులో వాణిజ్య కార్యకలాపాలు మొదలుపెట్టింది. అక్కడ తీరానికి దగ్గర్లోనే సహజంగా లోతైన నీరు, తూర్పు-పడమరల ఓడదారి కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్నాయి. 2025లో ‘ఎంఎస్‌సీ ఇరీనా’ కూడా అక్కడ లంగరేసింది. విశాఖ, చెన్నై ఫీడర్లు కొలంబోకు బదులు అక్కడికి మళ్లాలంటే లోతు ఒక్కటే చాలదు. కొలంబోతో సమానంగా ఓడల రాకపోకలు, అంతకంటే తక్కువ చార్జీలు, కస్టమ్స్‌లో అంతే వేగం కావాలి. ఏ రేవులో పెట్టె దించాలో చివరికి నిర్ణయించేది ఓడల కంపెనీలే.